ఫోన్ తగిలించకుండా, యాప్ లేకుండా డ్రోన్ ఎగరెయ్యడం – భీమిలిలో నా అనుభవం, కొన్ని డౌట్లు

ఎండాడ_రాజు
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇక్కడ రెండేళ్ళుగా చదవడమే గానీ రాయడం ఇదే మొదలు, పొడుగైపోతే ఏమనుకోకండి.

ఇవాళ పొద్దున్న భీమిలి దాటాక బీచ్‌లో అలివి వల లాగుతున్నారు. రెండు పక్కలా చెరో జట్టు తాడు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తా ఉంటారు కదా, అది పైనుంచి తియ్యాలని నాకు ఎప్పట్నుంచో కోరిక. అక్కడున్న పెద్దాయన్ని అడిగి ఆయన సరే అన్నాకే ఎగరేశాను. నాది 249 గ్రాముల చిన్న డ్రోన్, కేబుల్‌తో ఫోన్ తగిలించే రిమోట్. పది గంటల ఎండ, ఫోన్‌కి నల్ల కవరు, పైగా బ్రైట్‌నెస్ ఫుల్‌లో పెట్టాను. ముందు స్క్రీన్ దానంతటదే మసకేసింది, తర్వాత వేడెక్కిందని మెసేజ్, ఆ వెంటనే మొత్తం నల్లగా. డ్రోన్ అప్పటికి సముద్రం మీద రెండొందల యాభై మీటర్ల దూరంలో ఉంది.

రిమోట్ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి కానీ నాకు మాత్రం ఏమీ తెలీట్లేదు, ఎటు చూస్తోందో, ఎంత ఎత్తులో ఉందో, బ్యాటరీ ఎంతుందో. ఆకాశంలో వెతుకుతుంటే ఆ పెద్దాయన తాడు వదలకుండానే గడ్డంతో చూపించారు, "అదిగో బాబూ, ఆ తెప్పకి ఇటుపక్క, కాస్త మీదకి చూడు" అని. ఆయన చెప్పాక చూస్తే ఆవగింజంత మచ్చ. రిటర్న్ బటన్ (డ్రోన్‌ని లేపిన చోటికి వెనక్కి పిలిచేది) గట్టిగా నొక్కి పట్టుకున్నాను, రిమోట్ కుయ్ కుయ్‌మంది, ఆ మచ్చ పైకి లేచింది, అక్కణ్ణుంచి నేరుగా ఇటు వచ్చేసింది. స్పష్టంగా కనబడ్డం కన్నా ముందు చప్పుడు వినబడింది. ఎగిరిన చోటికి రెండడుగుల పక్కన ఇసకలో దిగింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి దాన్ని ఎత్తేటప్పుడు.

ఇంటికొచ్చాక ఒకటే ఆలోచన. ఫోన్ పోతే నాకు డ్రోన్ ఎగరెయ్యడమే రాదు, నేనిన్నాళ్ళూ స్క్రీన్ చూసి వేళ్ళు కదుపుతున్నాను అంతే. అందుకని ఇకనుంచి కావాలనే ఫోన్ లేకుండా నేర్చుకోవాలి అనుకుంటున్నాను. అసలు యాప్ లేకుండా టేకాఫ్ అవుతాదా? రికార్డింగ్ ఎలా తెలుస్తాది? బ్యాటరీ సంగతేంటి? ఎవరైనా రెగ్యులర్‌గా ఇలా ఎగరేసేవాళ్ళు ఉంటే చెప్పండి.

భీమిలి_బాబాయ్
ఆదివారం, రాత్రి 10:25

రాజూ, ముందు డ్రోన్ ఇంటికొచ్చింది, సంతోషం. ఆ పెద్దాయనకి ఈసారి వెళ్ళినప్పుడు ఆ వీడియో చూపించు, వాళ్ళకి చాలా ఇష్టం అలాంటివి.

ఎగురుతాది. డ్రోన్‌ని నడిపేది రిమోటు, ఫోన్ కాదు. స్టిక్కుల సిగ్నల్ రిమోట్ నుంచి డ్రోన్‌కి రేడియోలో నేరుగా పోతాది, ఫోన్ ఆ రిమోట్‌కి తగిలించిన టీవీ లాంటిది. 2013లో డీజేఐ కంపెనీ మొదటి ఫాంటమ్ డ్రోన్ వచ్చినప్పుడు దానికి సొంత కెమెరానే లేదు, కింద గోప్రో అనే చిన్న కెమెరా తగిలించుకోవడం, ఆకాశంలోకి చూస్తూ ఎగరెయ్యడం, దిగాక కార్డు తీసి ఏం పడిందో చూసుకోవడం. నేను నేర్చుకున్నది అలాంటి దాని మీదే, అందుకని ఇప్పటికీ నా కళ్ళు ముందు పైకి పోతాయి, తర్వాత స్క్రీన్‌కి.

పద్ధతి చెప్తాను. ఒకటి మాత్రం ముందే, కొత్త డ్రోన్ అయితే మొదటిసారి యాక్టివేషన్ యాప్‌తోనే చెయ్యాలి, దానికి దారి లేదు. అది అయిపోయాక, రిమోట్ ఆన్ చెయ్యి, డ్రోన్ ఆన్ చెయ్యి, ఫోన్ జోలికి పోకు. డ్రోన్ మీద లైటు ఎరుపు, పచ్చ, పసుపు మార్చి మార్చి వెలుగుతాది, అది దాని సొంత చెకప్. ఆ తర్వాత నిదానంగా పచ్చ లైటు మెరవడం మొదలైతే జీపీఎస్ దొరికింది అని. ఇక్కడే అందరూ తొందరపడేది. పచ్చ రాగానే లేపెయ్యకు, ఇంకో నిమిషం ఆగు, జీపీఎస్ బాగా పట్టాకే అది హోమ్ పాయింట్, అంటే లేపిన చోటు, రాసుకుంటాది. ఆ తర్వాత రెండు స్టిక్కులూ కిందకి లోపలి మూలలకి లాగి పట్టుకుంటే మోటార్లు తిరుగుతాయి, ఎడమ స్టిక్ మెల్లగా పైకి. రెండు మీటర్ల ఎత్తులో ఆపి చూడు, ఉన్నచోటే కదలకుండా నిలబడిందా, అయితే పో.

నిదానంగా పసుపు మెరుస్తుంటే మాత్రం జీపీఎస్ లేదు, గాలి ఎటు తోస్తే అటు పోతాది, ఎగరెయ్యకు. ఎరుపు, పసుపు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే కంపాస్ సరిచెయ్యమని అడుగుతోంది, అది యాప్ లేకుండా అవ్వదు, ఆరోజుకి పెట్టెలో పెట్టేసి టీ తాగి ఇంటికెళ్ళు. గాల్లో ఉండగా పసుపు గబగబా మెరిస్తే రిమోట్ సిగ్నల్ పోయింది అని, ఎరుపు నిదానంగా మెరిస్తే బ్యాటరీ తగ్గింది, ఎరుపు గబగబా అంటే ఇంక టైమ్ లేదు, ఉన్నచోటే దిగిపోతాది. కింద సముద్రం ఉంటే సముద్రంలోకే దిగుతాది, దానికి తేడా తెలీదు.

ఇవన్నీ డీజేఐ మినీ 2 మాన్యువల్‌లో ఉన్న లెక్కలు, నీది వేరే మోడల్ అయితే దాని మాన్యువల్‌లో లైట్ల పేజీ ఒక్కటి ప్రింట్ తీసి బ్యాగులో పెట్టుకో. నాది లామినేషన్ చేయించాను.

సిరిపురం_స్వాతి
సోమవారం, ఉదయం 7:12

బాబాయ్ గారూ చాలా బాగా చెప్పారు, కానీ నాదొక డౌటు. లైటు వెనకవైపు ఉంటుంది కదా, పైగా పట్టపగలు బీచ్‌లో ఎండలో వంద మీటర్లు దాటాక ఆ లైటు నాకు అసలు కనబడదు. ఇంకోటి, అంత దూరంలో దాని ముఖం ఎటుందో కూడా తెలీదు. కుడికి తిప్పితే ఎడమకి పోతుంది, కంగారులో ఇంకా దూరం పంపేస్తాను. మీరు ఎలా పడతారు?

భీమిలి_బాబాయ్
సోమవారం, ఉదయం 8:03

తల్లీ, అందుకే అంత దూరం పంపకూడదు అనేది. ఫోన్ లేనప్పుడు నా గీత అరవై, డెబ్భై మీటర్లు. దానికి మించితే ఇంత చిన్న డ్రోన్ నా కళ్ళకి చుక్కే.

ముఖం ఎటుందో తెలీనప్పుడు ఊరికే ఊహించొద్దు, దాన్నే అడగాలి. కుడి స్టిక్ కొద్దిగా కుడికి నొక్కి ఒక్క క్షణం ఆగు. చుక్క నీకు కుడికే జరిగిందా, దాని వీపు నీ వైపు ఉంది, స్టిక్ వెనక్కి లాగితే నీ దగ్గరకొస్తాది. ఎడమకి జరిగిందా, దాని ముఖం నీ వైపుంది, స్టిక్ ముందుకి తొయ్యి. ఎటూ జరగనట్టు కనబడితే అది అడ్డంగా ఉంది, నీ దగ్గరకో దూరానికో పోతోంది, ఎడమ స్టిక్‌తో కొంచెం తిప్పి మళ్ళీ అడుగు. ఇదంతా చదవడానికి పెద్దగా ఉంది గానీ నాలుగు ఆదివారాలు చేస్తే చెయ్యి దానంతటదే పోతాది.

ఇంకో అలవాటు చెప్తాను, టేకాఫ్‌కి ముందు డ్రోన్ వీపు నా వైపు పెడతాను, ఎగిరాక ఎడమ స్టిక్‌ని పక్కకి అసలు ముట్టుకోను. ముఖం తిప్పకపోతే ముఖం ఎటుందో వెతుక్కునే పనే ఉండదు. అటూ ఇటూ జరపడం, ముందుకి వెనక్కి, పైకి కిందకి, అంతే. అలివి వల లాంటిది తియ్యడానికి ఇది చాలు.

గాజువాక_శ్రీను
సోమవారం, మధ్యాహ్నం 1:50

నేను పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు తీస్తాను, పదకొండేళ్ళ సర్వీసు. నా మాట కాస్త వేరేగా ఉంటాది, కోపం తెచ్చుకోకండి. స్క్రీన్ లేకుండా నేర్చుకోవడం మంచిదే, మా కుర్రాళ్ళకి కూడా నేనే చెప్తాను, కానీ జనం ఉన్నచోట మాత్రం వద్దే వద్దు. మండపం బయట ఊరేగింపు తీసేటప్పుడు పిల్లలు డ్రోన్ కిందకే పరిగెత్తుతారు, కరెంటు తీగలు, సీరియల్ లైట్ల తీగలు, కొబ్బరి మట్టలు. వాటి పక్కన ఎంత ఖాళీ ఉందో కింద నిలబడి కంటితో కొలవలేం, స్క్రీన్ ఉన్నా కష్టమే. ఖాళీ బీచ్‌లో, ఖాళీ పొలంలో నేర్చుకోండి.

రెండోది, యాప్ లేకపోతే మ్యాపు కూడా ఉండదు. ఇది ఎర్ర జోన్, ఇక్కడ ఎగరెయ్యకూడదు అని చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు, అప్పుడు మొత్తం బాధ్యత మనదే. మన విశాఖ సంగతి తెలిసిందే కదా, ఊళ్ళో ఉన్న ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ళ ఐఎన్‌ఎస్ డేగ. తూర్పు నౌకాదళం హెడ్‌క్వార్టర్స్ ఇక్కడే. పోర్టు, గంగవరం, స్టీల్ ప్లాంటు. నా స్టూడియో గాజువాకలో ఉంది, స్టూడియో మేడ మీద టెస్టింగ్‌కి కూడా నేను ఎప్పుడూ లేపలేదు, కొత్త డ్రోన్ కొన్నా అనకాపల్లి అవతల మా మావయ్య గారి చెరుకు తోటకే తీసుకెళ్తాను.

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం పర్మిషన్ లేకుండా ఎగరెయ్యగలిగేది గ్రీన్ జోన్‌లో, అదీ 400 అడుగుల వరకే, అంటే 120 మీటర్లు. ఎయిర్‌పోర్ట్ ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో అయితే 200 అడుగులే. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్యలో యెల్లో జోన్, నేల నుంచే పర్మిషన్ కావాలి. రెడ్ జోన్ అయితే కేంద్ర ప్రభుత్వం అనుమతి. ఇవి ప్రభుత్వం వాళ్ళ డిజిటల్ స్కై మ్యాపులో చూసుకుని ఇంటి దగ్గరే నిర్ణయించుకుని బయల్దేరండి.

సిరిపురం_స్వాతి
సోమవారం, మధ్యాహ్నం 2:15

శ్రీను గారూ, మరి 250 గ్రాముల లోపు డ్రోన్‌కి రూల్స్ ఏవీ లేవని మా ఫ్రెండ్స్ అందరూ అంటున్నారు? ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర ఎగరేసేవాళ్ళని కూడా చూశాను.

గాజువాక_శ్రీను
సోమవారం, మధ్యాహ్నం 2:41

అదే అందరూ పొరబడేది అమ్మా. 250 గ్రాముల వరకూ నానో అంటారు, దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 250 గ్రాముల నుంచి 2 కిలోల వరకూ మైక్రో, సరదాకి అయితే సర్టిఫికెట్ అక్కర్లేదు, నాలాగ డబ్బులు తీసుకుని తీసేవాడికి కావాలి. సర్టిఫికెట్ అక్కర్లేదు అంటే జోన్ చూడక్కర్లేదు అని కాదు, జోన్ అందరికీ ఒకటే. ఆర్కే బీచ్‌లో నిలబడి దక్షిణం వైపు చూస్తే డాల్ఫిన్ నోస్ కొండ కనబడతాది, దాని కాళ్ళ దగ్గరే హార్బర్‌లోకి ఓడలు పోయే దారి, ఆ వెనకాల నేవీ వాళ్ళు. అక్కడ ఎవరో ఎగరేశారని మనం ఎగరెయ్యకూడదు. దేశం కాపలా కాసేవాళ్ళకి ఆకాశంలో తెలియని వస్తువు కనబడితే అది ఎంత బరువుందో తూకం వేసి చూడరు కదా.

ఎండాడ_రాజు
సోమవారం, రాత్రి 9:05

శ్రీను గారూ థాంక్స్, మ్యాపు నేను చూసే వెళ్ళాను, విశాఖ ఎయిర్‌పోర్ట్ నుంచి భీమిలి చాలా దూరం కాబట్టే అక్కడికి పోతున్నాను. అయినా వెళ్ళే ప్రతిసారీ చూడాలి అని ఇప్పుడు అర్థమైంది.

బాబాయ్ గారూ, రిటర్న్ ఎత్తు సంగతి చెప్పలేదు. ఫోన్ లేకుండా ఎగరేస్తే అది ఏ ఎత్తుకి లేస్తాది?

భీమిలి_బాబాయ్
సోమవారం, రాత్రి 9:50

మంచి ప్రశ్న, అసలు మొదట చెప్పాల్సింది ఇదే. నువ్వు యాప్‌లో చివరిసారి ఏం పెట్టావో అది డ్రోన్‌లోనే ఉండిపోతాది. రిటర్న్ ఎత్తు, ఎక్కువలో ఎక్కువ ఎంత ఎత్తు, ఎంత దూరం, సిగ్నల్ పోతే ఏం చెయ్యాలి, అన్నీ. అందుకని శనివారం రాత్రి ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని ఫోన్ తగిలించి ఇవన్నీ పెట్టుకో, పొద్దున్న బీచ్‌లో ఫోన్ జేబులోనే ఉంటాది. నేను ఎక్కువ దూరాన్ని కూడా వంద మీటర్లకి కట్టేస్తాను, అప్పుడు చెయ్యి జారి తోసేసినా అది గోడకి తగిలినట్టు ఆగిపోతాది. సిగ్నల్ పోతే రిటర్న్ అని ఉందో లేదో రెండుసార్లు చూసుకో, హోవర్ అని పెట్టి ఉంటే అది సముద్రం మీదే నిలబడి బ్యాటరీ అయ్యేదాకా నీకోసం చూస్తాది.

రిటర్న్ ఎత్తు మన తోటలకి నలభై మీటర్లు చాలు, లైట్‌హౌస్, టవర్లు పక్కన ఉంటే ఇంకా పెంచు. చిన్న డ్రోన్లలో చాలావాటికి ముందువైపు అడ్డం చూసే సెన్సర్ ఉండదు, కిందకి మాత్రమే చూస్తాయి, దారిలో సరుగుడు చెట్టు ఉంటే చెట్టులోకే.

ఇంకో చిక్కు. మినీ 2లో హోమ్ పాయింట్‌కి 20 మీటర్ల లోపల ఉండగా రిటర్న్ నొక్కితే అది వెనక్కి రాదు, ఉన్నచోటే దిగిపోతాది. నువ్వు అల తగిలేచోట నిలబడి లేపావనుకో, డ్రోన్ పదిహేను మీటర్ల అవతల నీళ్ళ మీద ఉంది, నువ్వు ధైర్యంగా రిటర్న్ నొక్కుతావు, అది బుద్ధిగా నీళ్ళలోకి దిగుతాది. నీళ్ళకి ముప్పై మీటర్లు వెనక్కి, పొడి ఇసకలో చాప వేసుకుని అక్కణ్ణుంచి లేపు. పోటు టైమ్‌లో నీళ్ళు ఎంతవరకూ వస్తాయో చూసుకో.

పడవ మీంచి అయితే యాప్ లేకుండా వద్దు. హోమ్ పాయింట్ అంటే నువ్వు లేపిన చోటు, నువ్వు ఉన్న చోటు కాదు. పడవ జరిగిపోతాది, డ్రోన్ మాత్రం పాత చోటికే వచ్చి దిగుతాది, అక్కడ ఇప్పుడు ఏముంటాది, నీళ్ళే. కొత్త హోమ్ పాయింట్ పెట్టాలంటే యాప్ ఉండాల్సిందే.

మధురవాడ_వంశీ
మంగళవారం, రాత్రి 12:20

నాది కాస్త వేరే దారి కానీ ఇక్కడ చెప్పొచ్చు అనుకుంటా. నేను ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్, నా దగ్గర టెల్లో అనే బుల్లి డ్రోన్ ఉంది, 80 గ్రాములది. దానికి మామూలుగా రిమోటే ఉండదు, ఫోన్ యాపే రిమోటు. నేను దాన్ని ఫోన్ ముట్టుకోకుండా లాప్‌టాప్ నుంచి ఎగరేస్తున్నాను. డ్రోన్ తనే ఒక వైఫై ఇస్తుంది, లాప్‌టాప్‌ని దానికి కనెక్ట్ చేసి 192.168.10.1 అడ్రస్‌కి 8889 పోర్టులో యూడీపీ (నెట్‌వర్క్‌లో చిన్న మెసేజ్‌లు పంపే పద్ధతి) మెసేజ్ పంపడమే. మొదట 'కమాండ్' అనే మాట పంపాలి, అది ఓకే అంటుంది, తర్వాత 'టేకాఫ్', 'ల్యాండ్', ముందుకి వంద అంటే వంద సెంటీమీటర్లు. పైథాన్‌లో అయితే డీజేఐటెల్లోపై అనే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) ఉంది, పది లైన్లలో అయిపోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది దాని భద్రత. 15 సెకన్లు నువ్వు ఏ మాటా పంపకపోతే అది తనంతట తనే దిగిపోతుంది. మొదట్లో నాకు తెలీక, కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ ఉంటే డ్రోన్ హాస్టల్ కారిడార్‌లో మెల్లగా వచ్చి నా చెప్పుల మీద కూర్చుంది. ఎంత ముద్దొచ్చిందో. మీ పెద్ద డ్రోన్లకి ఇది పనికిరాదు, బయట గాలికి టెల్లో అసలు నిలబడదు, కానీ యాప్ లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే ఇంతకన్నా మంచి బడి లేదు.

గాజువాక_శ్రీను
మంగళవారం, ఉదయం 10:10

వంశీ, మా అబ్బాయి ఎనిమిదో క్లాసు, వాడికి నేర్పిస్తావా బాబూ? మెసేజ్ పెడతాను.

తగరపువలస_మూర్తి
మంగళవారం, సాయంత్రం 6:30

నా దగ్గర పాత ఫాంటమ్ ఉంది, యాప్ కూడా పాతది, కొత్త ఫోన్లలో అది ఎక్కట్లేదు. పాత యాప్‌లు కొన్ని 32 బిట్‌వి, ఇప్పటి ఫోన్లలో కొన్ని 64 బిట్ మాత్రమే తీసుకుంటాయి. అందుకని ఒక పాత టాబ్లెట్‌ని దీనికోసమే ఉంచాను, అప్‌డేట్లు ఆపేసి, సిమ్ తీసేసి. అది ఛార్జింగ్‌లో లేని రోజున యాప్ లేకుండానే ఎగరేస్తాను, ఏ ఇబ్బందీ లేదు. లిచీ అనే వేరే యాప్ కూడా ఉంది, డబ్బులు కట్టి కొనుక్కోవాలి, డీజేఐ వాళ్ళ ఎస్‌డీకే (బయటివాళ్ళు యాప్‌లు చేసుకోవడానికి ఇచ్చే టూల్స్) సపోర్ట్ ఉన్న మోడళ్ళకి మాత్రమే పనిచేస్తాది. అది మాత్రం యాప్ లేకుండా కాదు, ఇంకో యాప్‌తో.

ఒకటి చెప్పాలి, డీజేఐ ఫ్లై యాప్ ప్లే స్టోర్‌లో ఉండదు, వాళ్ళ సైట్ నుంచే ఏపీకే (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) దించుకోవాలి. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఏపీకే మాత్రం ఎక్కించొద్దు, అందులో ఇంకేం కలిపారో మనకి తెలీదు, అదే ఫోన్‌లో మన బ్యాంకు యాప్‌లు ఉంటాయి.

సిరిపురం_స్వాతి
మంగళవారం, రాత్రి 8:44

బ్యాటరీ గురించి ఎవరూ చెప్పలేదు ఇంకా. స్క్రీన్ మీద పర్సెంటేజ్ చూడకుండా నేను పది సెకన్లు కూడా ఉండలేను.

భీమిలి_బాబాయ్
మంగళవారం, రాత్రి 9:30

వాచీ. అంతే తల్లీ.

మినీ 2కి కంపెనీ చెప్పేది 31 నిమిషాలు, అది గాలి లేనప్పుడు కొలిచింది. మన సముద్రం గాలికి, ఫుల్ ఛార్జింగ్ మీద, నేను ఇరవై నిమిషాలు కూడా లెక్కేసుకోను. లేపగానే వాచీలో టైమ్ చూస్తాను, పన్నెండో నిమిషంలో తిరుగు ప్రయాణం, పదిహేనుకి నేల మీద. దింపాక బ్యాటరీ బటన్ ఒకసారి నొక్కితే నాలుగు లైట్లలో ఎన్ని వెలుగుతాయో చూడు, అలా పది ఫ్లైట్లు రాసుకుంటే నీ బ్యాటరీ ఎంత తింటుందో నీకే తెలుస్తాది. పాత బ్యాటరీకి, కొత్తదానికి తేడా ఉంటాది, రంగు స్టిక్కరు అంటించి వేరువేరుగా రాసుకో.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. పొద్దున్నే గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు పోతాది, ఎండెక్కాక సముద్రం మీంచి ఇటు తిరుగుతాది, వేటకెళ్ళేవాళ్ళు తరతరాలుగా పడవలు నడిపింది ఈ లెక్క మీదే. పొద్దున్న ఆరింటికి నువ్వు సముద్రం వైపు పంపితే పోయేటప్పుడు హాయిగా పోతాది, వచ్చేటప్పుడు ఎదురుగాలి, అప్పుడు తెలుస్తాది కష్టం. మినీ 2 తట్టుకోగలిగింది సెకనుకి పదిన్నర మీటర్ల గాలి, మామూలు మోడ్‌లో దాని వేగం సెకనుకి 10 మీటర్లు. లెక్క నువ్వే వేసుకో, గాలి ఏడెనిమిది ఉంటే ఇంటికి రావడానికి మిగిలేది రెండు మూడు. రాకపోతే స్పోర్ట్ మోడ్‌కి మార్చు, 16 దాకా పోతాది, ఎత్తు కూడా తగ్గించు, కిందకి వచ్చేకొద్దీ గాలి తగ్గుతాది. ఆ మోడ్ బటన్ రిమోట్ మీదే ఉంది, ఫోన్ అక్కర్లేదు.

నాకు అలవాటు, లేపేముందు గుప్పెడు పొడి ఇసక భుజం ఎత్తు నుంచి జారవిడుస్తాను. ఎటు పోతోందో చూసి ముందు గాలికి ఎదురుగా పంపుతాను, వచ్చేటప్పుడు గాలే తోస్తాది.

తగరపువలస_మూర్తి
మంగళవారం, రాత్రి 10:02

ఇసక అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. భీమిలి ఇసకలో నల్లచారలు ఉంటాయి కదా, చిన్నప్పుడు పాత స్పీకర్ మాగ్నెట్ తెచ్చి దాంట్లో తిప్పితే నల్ల రేణువులు గడ్డంలా అంటుకునేవి, ఎంత దులిపినా పోయేవి కాదు. డ్రోన్ మోటార్ లోపల ఉన్నది కూడా మాగ్నెట్టే. అందుకని నేరుగా ఇసకలోంచి లేపొద్దు, దింపొద్దు. రాజు గారి డ్రోన్ ఇసకలో దిగింది అన్నారు కాబట్టి ఒకసారి మోటార్లు చేత్తో తిప్పి చూడండి, కరకరమంటే లోపల ఉన్నాయి. నేను గుండ్రటి ల్యాండింగ్ ప్యాడ్ వాడతాను, నాలుగు పక్కలా మేకులు కొట్టి. కారు బానెట్ మీంచి, ఇనప రెయిలింగ్ పక్కనుంచి కూడా లేపకండి, కంపాస్‌కి ఇబ్బంది.

ఎండాడ_రాజు
మంగళవారం, రాత్రి 10:15

మూర్తి గారూ, ఇప్పుడే లేచి వెళ్ళి తిప్పి చూశాను. వెనక ఎడమ మోటార్ కరకరమంటోంది!! బ్లోయర్‌తో ఊదితే కాగితం మీద నల్లటి పొడి పడింది, చిటికెడు కూడా ఉండదు. ఇంకా ఊదాక ఇప్పుడు మెత్తగా తిరుగుతోంది. మీరు చెప్పకపోతే నేను ఆదివారం అలాగే లేపేసేవాణ్ణి.

ఎండాడ_రాజు
ఆదివారం, మధ్యాహ్నం 12:30

ఇవాళ్టి రిపోర్టు. అదే బీచ్, పొద్దున్న ఆరున్నర. శనివారం రాత్రే రిటర్న్ ఎత్తు నలభై, ఎక్కువ దూరం వంద పెట్టేశాను. మ్యాపు మళ్ళీ చూశాను. నీళ్ళకి వెనకగా మా అమ్మగారి పాత ప్లాస్టిక్ చాప వేశాను, మూలల్లో తడి ఇసక ముద్దలు పెట్టాను, ఎగరకుండా.

ఫోన్ కారులో వదిలేసి వచ్చాను. పచ్చ లైటు రావడానికి నిమిషం పైన పట్టింది, ఇంకో నిమిషం ఆగాను. రెండు స్టిక్కులూ లోపలికి లాగినప్పుడు నిజంగా గుండె దడదడలాడింది, మోటార్లు తిరగ్గానే ముఖం మీదకి గాలి కొట్టింది. ముప్పై మీటర్ల ఎత్తు, అరవై మీటర్ల దూరం, అంతకి మించి పోలేదు. ఒకసారి ముఖం ఎటుందో తెలీలేదు, బాబాయ్ గారు చెప్పినట్టు కుడికి నొక్కి ఆగాను, ఎడమకి జరిగింది, ముఖం నా వైపు ఉంది అనుకుని ముందుకి తోశాను, వచ్చేసింది. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం చెప్పలేను. మూడు ఫ్లైట్లు, ఒక్కోటీ పన్నెండు నిమిషాలు. ఎప్పుడూ లేనిది, ఎగురుతున్నంతసేపూ సముద్రం చప్పుడు వినబడింది, వల లాగేవాళ్ళ పాట వినబడింది, ఇన్నాళ్ళూ స్క్రీన్‌లోకి తల దూర్చి అవేవీ వినలేదు.

రికార్డింగ్ మాత్రం పోయింది. గాల్లోకి లేపాక రిమోట్ మీద రికార్డ్ బటన్ నొక్కాను, పడిందో లేదో అనుమానమొచ్చి మళ్ళీ నొక్కాను. ఇంటికొచ్చి కార్డు చూస్తే మొదటి ఫ్లైట్‌లో నాలుగు సెకన్ల ముక్క, అంతే. రెండో ఫ్లైట్ ఉంది కానీ కెమెరా సగం ఆకాశం వైపు చూస్తోంది. మూడోది బాగుంది. మీరు రికార్డింగ్ ఎలా చేస్తారు?

భీమిలి_బాబాయ్
ఆదివారం, మధ్యాహ్నం 1:15

శభాష్ రాజూ. చదువుతుంటే నేనే ఎగరేసినట్టు ఉంది.

రికార్డింగ్‌కి నేను చేసేది ఇది. నేల మీద ఉండగానే నీడలో ఫోన్ తగిలించి రికార్డింగ్ మొదలెట్టి, స్క్రీన్ మీద సెకన్లు తిరుగుతున్నాయని కళ్ళతో చూసి, అప్పుడు కేబుల్ తీసేసి లేపుతాను. వీడియో డ్రోన్‌లో ఉన్న కార్డులోనే పడతాది, ఫోన్‌లో మిగిలేది చూసుకోవడానికి పల్చటి కాపీ మాత్రమే, అందుకని ఫోన్ తీసేసినా నష్టం లేదు. మొత్తం ఫ్లైట్ ఒకటే పొడుగు వీడియో, తర్వాత కావలసినవి కత్తిరించుకో. కార్డులో చోటుందో లేదో ముందు చూసుకో.

కెమెరా వంపుకి రిమోట్ ఎడమ భుజం మీద చక్రం ఉంటాది కదా. దాన్ని ఒక వైపు ఆగేదాకా తిప్పితే కెమెరా నిటారుగా కిందకి చూస్తాది, అది గ్యారంటీ, అనుమానం లేదు. అలివి వలకి నీకు కావలసింది అదే. అడ్డంగా చూడాలంటే నేల మీదే ఫోన్‌లో సరిచూసి, గాల్లో చక్రం ముట్టుకోకు.

సిరిపురం_స్వాతి
ఆదివారం, మధ్యాహ్నం 1:40

రాజు గారూ, పాట కూడా వినబడింది అన్నారే, ఆ ముక్క నన్ను పట్టేసింది. వచ్చే ఆదివారం నేనూ రావచ్చా? మా అన్నయ్యని తీసుకొస్తాను, ఒకరు ఎగరేస్తుంటే ఒకరు డ్రోన్ మీంచి కళ్ళు తియ్యకుండా చూస్తూ ఉంటే బాగుంటుంది కదా.

ఎండాడ_రాజు
ఆదివారం, మధ్యాహ్నం 2:05

తప్పకుండా రండి. అలా చూసేమనిషి పక్కనుంటే చాలా ధైర్యం, నాకు మొదటిరోజు ఆ పెద్దాయన చేసింది అదే. ఇవాళ ఆయనకి మూడో వీడియో చూపించాను, తాడు పట్టుకున్నవాళ్ళలో తనెవరో వెతుక్కుని వేలు పెట్టి చూపించారు, తర్వాత మనవణ్ణి పిలిచి మళ్ళీ మొదట్నుంచి పెట్టమన్నారు. చాప నేను తెస్తాను. ఆరింటికల్లా వచ్చెయ్యండి, ఎండెక్కితే గాలి తిరిగిపోతాది.

భీమిలి_బాబాయ్
ఆదివారం, మధ్యాహ్నం 2:20

నేనూ వస్తాను. ఇంటికెళ్ళాక డ్రోన్‌ని నీళ్ళలో పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టు రాజూ, ఉప్పు గాలి కంటికి కనబడదు గానీ రెక్కల దగ్గర తెల్లగా పేరుకుంటాది. రెక్కల అంచులు గోటితో రాసి చూడు, గరుకుగా తగిలితే మార్చెయ్యి, స్క్రూడ్రైవర్ నేను తెస్తాను.